నా చెయ్యి నాది కాదంటున్నాడు

ప్రశ్న: డాక్టరు గారూ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంక ఊరు. మా తమ్ముడికి 24 ఏళ్ళు, ఏడాదిన్నరగా సైకోసిస్‌కి (లేని మాటలు వినపడడం, లేనివి నిజమనిపించడం లాంటి జబ్బు) మందులు వాడుతున్నాం. చెవిలో మాటలు తగ్గాయి గానీ అద్దంలో చూసుకుని "ఈ మొహం నాది కాదక్కా, నా చెయ్యి ఎవరో ఆడిస్తున్నారు" అంటాడు. చిన్నప్పుడు అమ్మ కువైట్ వెళ్తే వాణ్ణి చుట్టాలింట్లో ఉంచాం, అక్కడ బెల్టుతో కొట్టి కొబ్బరికాయల కొట్లో రాత్రంతా గొళ్ళెం పెట్టేసేవారంట, మొన్నే చెప్పాడు. నేను వెళ్ళడం వల్లే ఇదంతా అని అమ్మ ఒకటే ఏడుపు. ఆ సంగతులు కదిపితే జబ్బు ఎక్కువవుద్దా? మా గేదె ఇప్పటికీ వాడికి తప్ప ఎవరికీ పాలివ్వదండి, అలాంటోడు ఇలా అయిపోయాడు.

జవాబు: అమ్మా, ముందు ఇది మీ అమ్మగారికి చదివి వినిపించండి, కొట్టింది ఆవిడ కాదు. చిన్నతనంలో హింస పడ్డవాళ్ళకి సైకోసిస్ వచ్చే అవకాశం దాదాపు 2.8 రెట్లని చాలా అధ్యయనాలు కలిపి చూసిన 2012 విశ్లేషణలో తేలింది, అయినా దెబ్బలు తిన్న పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు, ఏ దెబ్బా తినకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. వంశం, గంజాయి, ఒత్తిడి ఇలా చాలా కలుస్తాయి.

ఇక "నేను" సంగతి. పిల్లాడు ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, పేరు పెట్టి పిలుస్తారు, అలా అలా వాడికి "నేను" అనేది గట్టిపడుద్ది. కాపాడాల్సినవాళ్ళే కొడితే, పారిపోడానికి దారి లేకపోతే, కొంతమంది పిల్లల మనసు ఒంట్లోంచి పక్కకి జరిగిపోయి ఇది నాక్కాదు జరిగేది అనుకుంటుంది, ఆ చీకటి కొట్లో అదే వాణ్ణి బతికించి ఉండొచ్చు. సైకోసిస్‌లో నాది, బయటిది అనే గీత ఎలాగూ పల్చబడుద్ది, రెండూ కలిస్తే సొంత చెయ్యే పరాయిదైపోతుంది. అందుకే వాడి మాటల్ని పిచ్చి వాగుడని కొట్టిపారెయ్యకండి.

కదిపితే ఎక్కువవుద్దా అన్నారు. నెదర్లాండ్స్‌లో సైకోసిస్‌తో పాటు పాత గాయాల బాధ (పీటీఎస్‌డీ) కూడా ఉన్న 155 మందితో ట్రయల్ చేశారు, 2015లో వచ్చింది. ఈఎండీఆర్ (పాత గాయాన్ని తలచుకుంటూ కళ్ళు అటూ ఇటూ తిప్పించే థెరపీ) గానీ, జరిగినదాన్ని మెల్లగా ఎదుర్కొనే థెరపీ గానీ తీసుకున్నవాళ్ళ బాధ తగ్గింది, సైకోసిస్ ముదరలేదు. కాకపోతే అది నేర్చుకున్న థెరపిస్టు చెయ్యాలి, మీరు ఇంట్లో గుచ్చి గుచ్చి అడక్కండి. వాడే చెప్తే వినండి, "అలా అనిపిస్తే భయమేస్తది కదరా, నేనిక్కడే ఉన్నా" అనండి చాలు. ఎంత భయమేసినా బయట గొళ్ళెం మాత్రం పెట్టొద్దు, ఆ చప్పుడు వాడికి ఏం గుర్తుచేస్తుందో మీకు తెలుసు. మందులు ఆపకండి, చెయ్యి ఆడిస్తున్నారన్న మాట, కొట్టు సంగతి రెండూ మీ సైకియాట్రిస్టుకి చెప్పండి, చాలామంది ఇళ్ళల్లో ఈ రెండోది చెప్పరు. చచ్చిపోతానంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి రాత్రయినా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

గేదె మాట రాశారు చూశారా, నాకు అక్కడే ధైర్యమొచ్చింది. పొద్దున్న పాలు వాణ్ణే తియ్యమనండి, ఓపిక లేదన్న రోజు బలవంతం చెయ్యకండి.