మేడ మీద పాట మళ్లీ చూడు

తమ్ముడూ,

పాటలతో కథ నడిపే అమెరికన్ మ్యూజికల్ సినిమాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మూడు సినిమాల కథలు వరసగా చెప్పుకుపోయావు. మధ్యమధ్యలో ‘అద్భుతమైన నృత్యాలు’ అని ఓ మూడుసార్లు రాశావు. కథ కావాలంటే సినిమానే చూసుకుంటాం కదా. ఈ మ్యూజికల్స్‌లో 1950, 60ల నాటి అమెరికా కుర్రకారు సంగతులన్నీ పాటల్లోనే దొరుకుతాయి. ఏ పాట ఎక్కడ వచ్చింది, ఏ లైను ఎవరి నోట పెట్టారు, అది పట్టుకో.

‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1961)నే తీసుకో. న్యూయార్క్‌లో తెల్ల కుర్రాళ్లకీ, అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లకీ గొడవలు అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ప్యూర్టోరికో వాళ్లు మేడ మీద పాడే ‘అమెరికా’ పాట దగ్గర ఆగాల్సింది. 1957లో నాటకంగా వేసినప్పుడు అది ఆడపిల్లల పాట. సొంతూరి మీద బెంగ పెట్టుకున్న అమ్మాయిని మిగతావాళ్లు ఆటపట్టిస్తారు. సినిమాకొచ్చేసరికి అబ్బాయిల్ని ఎదురుగా నిలబెట్టి మాటలు మార్చారు. మంచి అపార్ట్‌మెంట్ తీసుకుంటానని అనిత అనే అమ్మాయి అంటే, ముందు నీ యాస వదిలించుకో అంటాడు ఆమె ప్రియుడు బెర్నార్డో. (యాస సంగతి మనకి ఇంకొకరు చెప్పాలా!) ట్యూను అదే, బెంగ కాస్తా వివక్ష మీద వాదన అయింది. దీని మీదే రెండు పేజీలు రాయొచ్చు నువ్వు.

ఇంకో పాటలో తెల్ల కుర్రాళ్లు జడ్జిగా, సైకియాట్రిస్టుగా, సోషల్ వర్కర్‌గా నటిస్తూ తమలో ఒకణ్ణి ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి తోస్తుంటారు, మన ఆఫీసుల్లో ఫైలు టేబుళ్లు మారినట్టు. 1950లలో అక్కడ దారితప్పిన పిల్లల గురించి సెనేట్ విచారణలు కూడా జరిగాయి. ఆ హడావుడి మీద వెటకారం ఇది. నాటకంలో ఇద్దరు చచ్చిపోయాక వస్తుంది, సినిమాలో ముందుకి జరిపారు. నాకైతే నాటకంలో ఉన్నచోటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

వివక్ష గురించి ఇంత మాట్లాడిన సినిమాలోనే ప్యూర్టోరికో అమ్మాయి మరియా వేషం తెల్ల నటి నటాలీ వుడ్‌కి ఇచ్చారు. అనితగా వేసిన, ప్యూర్టోరికోలోనే పుట్టిన రీటా మొరెనోకి సైతం ముదురు రంగు మేకప్ పూశారు. నువ్వు ఇది వదిలేశావు. పొగడ్తా తప్పూ ఒకే పేరాలో ఉంటే ఏం పోదు.

‘గ్రీజ్’ ఆనాటి యువతకి అద్దం అన్నావు చూడు, ఆ మాట కొట్టేశాను. 1958-59 నాటి హైస్కూలుని 1978లో ముద్దుగా తలుచుకున్న సినిమా అది. విద్యార్థినిగా వేసిన స్టాకార్డ్ చానింగ్‌కి షూటింగ్ నాటికే ముప్ఫై మూడేళ్లు. సరిగ్గా ఆ 1958-59 చదువుల ఏడాదే అర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో, తెల్ల పిల్లల పక్కన నల్ల పిల్లల్ని కూర్చోబెట్టాల్సి వస్తుందని హైస్కూళ్లనే ఏడాది పాటు మూసేశారు. ఒకప్పుడు నేనూ ఈ సినిమా మీద ‘స్వర్ణయుగం’ అని రాసి పంపాను. ఎడిటర్ గారు మార్జిన్‌లో ‘ఎవరికి?’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. నాలుగు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను.

‘హెయిర్‌స్ప్రే’ (2007) గురించి ఒక్కటే చెప్తాను. 1962 నాటి బాల్టిమోర్ కథ. చివర్లో టీవీ డాన్స్ షోలో నల్ల పిల్లలూ తెల్ల పిల్లలూ కలిసి ఆడతారు, చూస్తుంటే మనకీ కాళ్లు ఆగవు. దానికి మూలమైన అసలు కార్యక్రమం, బడ్డీ డీన్ షో, ఇద్దర్నీ కలిపి ఆడించడానికి ఒప్పుకోక 1964 జనవరిలో ఆగిపోయింది. ఆ రెండు ముగింపుల్నీ పక్కపక్కన పెట్టి నీ చివరి పేజీ మళ్లీ రాయి.

సంచికకి ఇంకా టైం ఉంది, టెన్షన్ పడకు. ఎర్ర పెన్ను గీతలు చూసి ఏమీ అనుకోకు.

ఉంటాను,
అన్నయ్య