బఫర్ ట్యాంకు వేడి ఎంత పెట్టాలి: అమ్మలుకి మావయ్య రాసేది

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ నిదానంగా చూశాను. నేల కింది పైపుల్లో వేడినీళ్లు తిప్పి ఇల్లు వెచ్చబరిచే ఏర్పాటు మీది. ఇల్లు వెచ్చబడలేదని ఆ నీళ్లు నిలవుండే బఫర్ ట్యాంకు సెట్టింగు మొదట 45 డిగ్రీలు పెట్టారు, తర్వాత 50, ఇప్పుడు 55. అయినా హాల్లో చలి పోలేదు, పైగా హీట్ పంపు, అంటే బయటి వేడిని లాగి ఆ నీళ్లు కాచే కరెంటు యంత్రం, ఊరికే ఆగుతూ లేస్తూ ఉంది. టెన్షన్ పడకు, యంత్రం బాగానే ఉంది. వేడి పెంచి సరిచేయబోయిన లోపం వేడికి సంబంధించింది కాదు, అంతే.

మానిఫోల్డ్, అంటే ఒక్కో గది నేలలోని పైపు చుట్టకు (లూప్‌కు) నీళ్లు పంచే గొట్టాల వరస, దాని ఫోటోలో కుడివైపు చివరి గొట్టం చూడు, అది హాలుది. నీళ్లు ఎంత పారుతున్నాయో చూపే దాని ఫ్లోమీటర్‌లో ముల్లు దాదాపు సున్నా దగ్గరుంది. బాత్రూమ్ లూప్ చిన్నది కాబట్టి నీళ్లన్నీ దారి సులువుగా ఉన్న అటే పోతున్నాయి. హాలు లూప్‌లోకి నీళ్లే వెళ్లనప్పుడు ట్యాంకులో 55 ఉన్నా 65 ఉన్నా ఒకటే. మిగతా గదులు మాత్రం తొందరగా వేడెక్కి, వాటి థర్మోస్టాట్లు మూసుకుంటున్నాయి. ముందు హాలు లూప్‌లో గాలి చేరిందేమో చూసి తీయించు. తర్వాత దాన్ని పూర్తిగా తెరిచి, చిన్న లూపులను కొద్దికొద్దిగా బిగించు. ఇది చేయకుండా ట్యాంకు వేడి సెట్ చేసే కంట్రోలర్ జోలికి పోవద్దు.

ఇక ట్యాంకు సంగతి. హీట్ పంపు ఎంత తగ్గి నడిచినా కొంత వేడి ఇచ్చి తీరుతుంది. మీది 6 కిలోవాట్ల కన్నా తగ్గదు. బాత్రూమ్ ఒక్కటే వేడి అడిగితే అది తీసుకునేది 1 కిలోవాట్. మిగిలిన 5 ఎక్కడికి పోవాలి? ఆ మిగులును కాసేపు దాచి, యంత్రం ఒక్క దమ్ములో పది నిమిషాలైనా నడిచేలా చూడటమే బఫర్ ట్యాంకు పని. మీ 80 లీటర్ల నీటిని 5 కిలోవాట్లు 5 డిగ్రీలు పెంచడానికి ఐదున్నర నిమిషాలే పడుతుంది. అందుకే ఆ ఆగడం, లేవడం. కంప్రెసర్ అరిగిపోయేది కూడా అలాగే.

దీనికి రెండు పనులు చెయ్యి. బాత్రూమ్‌ను, దాని పక్కనున్న గదులను ఒకే జోన్‌గా, అంటే ఒకేసారి వేడి అడిగేలా, కలిపి, కనీసం 3 కిలోవాట్లు తీసుకునేలా చెయ్యి. డిఫరెన్షియల్, అంటే యంత్రం మొదలయ్యే వేడికీ ఆగే వేడికీ మధ్య తేడా, 6 డిగ్రీలు పెట్టు. అప్పుడు అదే ట్యాంకుతో 11 నిమిషాలు వస్తాయి. కొత్త ట్యాంకు కొనక్కర్లేదు.

సెట్టింగు ఎంత ఉండాలో నేలను బట్టి, ఆ రోజు చలిని బట్టి తేల్చాలి. కాంక్రీటులో పైపులున్న నేలకు, ఇంటికి ఇన్సులేషన్ బాగుంటే, సాధారణంగా 30 నుంచి 40 డిగ్రీల నీళ్లు చాలు. మనుషులు తిరిగే చోట నేల పైభాగం 29 డిగ్రీలు దాటకూడదు. నీటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గించినప్పుడల్లా హీట్ పంపు కరెంటు సుమారు 2, 3 శాతం ఆదా అవుతుంది. 55 నుంచి 38కి దిగితే ఎంత తేడానో నువ్వే లెక్కేసుకో.

మీ కంట్రోలర్‌లో వెదర్ కాంపెన్సేషన్, అంటే బయటి చలిని బట్టి నీళ్ల వేడిని దానంతటదే మార్చే పద్ధతి, ఉంది, దాన్ని ఆన్ చెయ్యి. బయట మైనస్ 10 ఉంటే నీళ్లు 40, బయట 15 ఉంటే 25 అని మొదలుపెట్టు. అప్పుడు బయట సున్నా ఉన్న రోజు ట్యాంకు దానంతటదే 34కి సర్దుకుంటుంది. బయటి సెన్సర్ ఎండ పడని ఉత్తరపు గోడ మీద, కిటికీకి దూరంగా ఉండాలి. ఇంట్లో అన్ని రోజులూ చలిగానే ఉంటే, బయటి చలికి నీళ్ల వేడి ఎంతో చూపే గీత మొత్తాన్ని ఒక డిగ్రీ పైకి జరుపు. బాగా చలి ఉన్న రోజుల్లో మాత్రమే చాలకపోతే గీత వాలు పెంచు, అంటే చలి ముదిరేకొద్దీ నీళ్ల వేడి ఇంకా ఎక్కువ పెరిగేలా చెయ్యి. ఏం మార్చినా ఒక రోజంతా ఆగు. కాంక్రీటు వేడెక్కడానికీ చల్లారడానికీ చాలా టైమ్ తీసుకుంటుంది. సాయంత్రం మార్చి రాత్రికే మళ్లీ మార్చితే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు. రాత్రిళ్లు తగ్గించి పొద్దున్నే పెంచే అలవాటు కూడా ఇలాంటి నేలకు పనికిరాదు.

నాకు అన్నిటికన్నా నచ్చనిది ట్యాంకు సెన్సర్. ఫోటోలో అది పాకెట్‌లోంచి, అంటే ట్యాంకులో దాన్ని దూర్చే గొట్టంలోంచి, సగం బయటికి వచ్చి వేలాడుతోంది. అలా ఉంటే గది గాలి తగిలి, నీళ్ల కన్నా తక్కువ చూపిస్తుంది. కంట్రోలర్ దాన్నే నమ్మి అవసరానికి మించి కాస్తుంది. థర్మల్ పేస్ట్ (వేడిని బాగా అందించే పేస్ట్) రాసి చివరంటా తోసి, వైరు జారకుండా క్లిప్ పెట్టించు. ఒకటే సెన్సర్ అయితే ట్యాంకు మధ్యలోనో, కొంచెం పైనో ఉండాలి. రిటర్న్ గొట్టం పక్కన అడుగున పెడితే తిరిగొచ్చే చల్లనీళ్లనే కొలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక ట్యాంకు దగ్గర రెండు గొట్టాల వేడి పోల్చి చూడు. హీట్ పంపు నుంచి వచ్చేది 40, నేలకు పోయేది 36 ఉంటే, నేల పంపు వేగం ఎక్కువై రిటర్న్ నీళ్లు ట్యాంకులో కలిసిపోతున్నాయన్నమాట. పంపు స్పీడు తగ్గించు, సెట్టింగు మాత్రం పెంచకు.

స్నానం నీళ్ల కోసం కూడా ఈ ట్యాంకును కాచొద్దు. బ్యాక్టీరియా భయం వల్ల ఆ నీళ్లకు 60 దాకా వేడి కావాలి, వాటికి వేరే ట్యాంకు ఉండాల్సిందే. కట్టెల బాయిలర్ ఉన్న మీ స్నేహితురాలికి ఈ లెక్కలు చెప్పకు. వాళ్ల ట్యాంకు 80 దాటుతుంది. నేలకు పోయే ముందు చల్లనీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వు, అది పాడైనా పంపును ఆపేసే లిమిట్ థర్మోస్టాట్ తప్పనిసరిగా ఉండాలి.

హాలు లూప్ సరిచేసిన మర్నాడు బయటి వేడి, నేలకు పోయే నీళ్లు, తిరిగొచ్చే నీళ్లు, ఈ మూడు అంకెలూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాసి పంపు. గంటకు యంత్రం ఎన్నిసార్లు లేస్తోందో కూడా రాయి. గీత ఎటు జరపాలో అవి చూసి చెబుతాను. అప్పటిదాకా అల్లుడుగారిని కంట్రోలర్ ముట్టుకోవద్దని నా మాటగా చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య