రెజ్యూమె రాయించుకోండి, పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: 2023లో బీటెక్ పూర్తయింది. ఇంకా ఉద్యోగం రాలేదు. హైదరాబాద్‌లో ఒకాయన నాలుగున్నర వేలకు ప్రొఫెషనల్‌గా రెజ్యూమె రాసి, ఏటీఎస్ స్కోరు 90 దాటిస్తానంటున్నారు. జాబ్ సైట్ లాగిన్, మెయిల్ పాస్‌వర్డ్ ఇస్తే రోజూ తనే అప్లై చేస్తారట. ఆయన చేసిన శాంపిల్, నా పాత రెజ్యూమె పంపుతున్నాను. డబ్బు కట్టొచ్చా? – వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రాయించుకోవడం మీ ఇష్టం. పాస్‌వర్డ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. ఇదే ప్రశ్న కొద్దిపాటి తేడాలతో పదేపదే వస్తోంది కాబట్టి ఈ వారం మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ముందు స్కోరు సంగతి. ఏటీఎస్ అంటే కంపెనీ తనకు వచ్చిన దరఖాస్తులను దాచుకుని, వెతుక్కునే సాఫ్ట్‌వేర్. అలాంటివి బోలెడు ఉన్నాయి. ఒక్కో కంపెనీ ఒక్కోటి వాడుతుంది, ఒక్కోటి ఒక్కోలా చదువుతుంది. అన్నింటికీ చెల్లే స్కోరు అంటూ ఏదీ లేదు. ఉచితంగా చెక్ చేస్తామంటూ ఎర్ర రంగులో 38 అని చూపించే సైట్లు ఆ టెన్షన్‌ను అమ్ముకుంటున్నాయి. ఏడాదిగా ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలు ఆ అంకె చూసి తమలోనే లోపం ఉందనుకుంటున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మీరు పంపిన శాంపిల్ తెరిచాను. అది వర్డ్ ఫైలు. చూడ్డానికి బాగుంది: ఎడమ పక్క నీలం పట్టీ, అందులో జావాకు నాలుగు చుక్కలు, ఎస్‌క్యూఎల్‌కు మూడు. మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే 'జావా 2019–2023 ఎస్‌క్యూఎల్ సీజీపీఏ 7.4' అంటూ కలగాపులగంగా వచ్చింది, ఎందుకంటే పట్టీ కోసం టేబుల్ వాడారు. చుక్కలు బొమ్మలు కాబట్టి రాలేదు. ఫోన్ నంబరును హెడర్‌లో (పేజీ పైఅంచున విడిగా ఉండే చోటు) పెట్టారు, అదీ రాలేదు. చాలా సాఫ్ట్‌వేర్లు తడబడేది సరిగ్గా ఇలాంటి చోట్లే. ఇంకో మాట. ఫైలు ప్రాపర్టీస్‌లో ఆథర్ దగ్గర మీ పేరూ లేదు, ఆయన పేరూ లేదు, మూడో మనిషి పేరుంది. చివర డిక్లరేషన్ కింద ఊరు గుంటూరు అని అలాగే మిగిలిపోయింది. ఎవరికో చేసిన దాని మీద మీ వివరాలు దిద్ది ఇచ్చారన్నమాట. దీనికి నాలుగున్నర వేలు దండగ.

అలాగని రాసిపెట్టేవాళ్లంతా మోసగాళ్లు కారు. పిల్లల కోసం ఏడేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లాలనుకునే తల్లికి, పదిహేనేళ్ల సైన్యం అనుభవాన్ని కంపెనీలకు అర్థమయ్యేలా చెప్పాల్సిన జవానుకు, బడి వదిలి వేరే రంగంలోకి మారే టీచరుకు మంచి రైటరు నిజంగా అక్కరకొస్తారు. అలాంటివాళ్లు గంటసేపు కూర్చోబెట్టి మీ పని గురించి ప్రశ్నలు అడుగుతారు. ప్రశ్నలు లేకుండా ఫార్మాట్ల ధరల పట్టిక పంపేవాళ్లతో మీకు పని లేదు. ఫ్రెషరుకైతే పక్క పట్టీలేవీ లేకుండా ఒకే నిలువు వరుసలో, మామూలు అక్షరాలతో ఒక పేజీ చాలు. చేసిన ప్రాజెక్టులో మీ చేత్తో చేసింది ఏమిటో రాయండి. అది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక పాస్‌వర్డ్. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది ఇదే. మెయిల్ చేతికిస్తే ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టే. చాలా సైట్లలో 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కితే వచ్చే లింకు చేరేది అక్కడికే. ఎప్పుడో మీకు మీరే మెయిల్ చేసుకున్న ఆధార్ స్కాన్, పాన్ కార్డు, మార్కుల మెమోలు అన్నీ అందులోనే ఉంటాయి. పాస్‌వర్డ్, రికవరీ నంబరు రెండూ మార్చేస్తే మీ అకౌంట్‌లోకి మీరే వెళ్లలేరు. దానికి తోడు, మీ పేరుతో వాళ్లు ఏ కంపెనీకి ఏ అబద్ధం పంపారో మీకు తెలియదు. లేని రెండేళ్ల అనుభవం పెట్టారనుకోండి, వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ (ఎక్కడ ఎంతకాలం పనిచేశారో చూపే రికార్డు) అడిగితే దొరికిపోయేది మీరే.

అమెరికాలోని మన పిల్లల విషయంలో ఇది ఇంకా ముదిరింది. చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి ఓపీటీ. అందులో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులే. ఆ కంగారులో ఉన్నవాళ్లకు కొన్ని కన్సల్టెన్సీలు 'మార్కెటింగ్ చేస్తాం' అంటూ వాళ్ల పేరుతోనే కొత్త మెయిల్, ఇంటర్నెట్ మీద పనిచేసే కొత్త ఫోన్ నంబరు తెరుస్తాయి. ఆ రెండూ అభ్యర్థి చేతిలో ఉండవు. అక్కడ రాసిన అబద్ధం ఉద్యోగంతో ఆగదు, వీసా దాకా వెళ్తుంది. మీ పేరున్న మెయిల్ మీ చేతిలో లేకపోతే ఆ పని ఈరోజే ఆపించండి.

జాబ్ సైట్లు తయారుచేసేవాళ్ల మీదా నాకు కోపమే. రెజ్యూమె అప్‌లోడ్ చేయించుకుని, అందులో ఉన్నదే మళ్లీ ఇరవై గళ్లలో టైపు చేయమంటారు. విసిగిపోయిన మనిషి ఆ పని ఇంకొకరికి అప్పగించక ఏం చేస్తాడు? ప్రొఫైల్ తీసేసే ఆప్షన్ మాత్రం నాలుగు మెనూల వెనక దాస్తారు. ఉద్యోగం వచ్చి మూడేళ్లయినా పాత రెజ్యూమె అక్కడే తిరుగుతూ, నకిలీ రిక్రూటర్లకు మన నంబరు అందిస్తూనే ఉంటుంది.

ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చేసినవాళ్లు ముందు మెయిల్‌ది మార్చండి, జాబ్ సైట్‌ది తర్వాత. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. మీ మెయిళ్లు వాటంతటవే ఇంకొకరికి వెళ్లేలా ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, చాలామంది దీన్ని మర్చిపోతారు. అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో తెలుస్తుంది. తెలియని లోన్ ఏమైనా ఉందేమో క్రెడిట్ రిపోర్టులో చూసుకోండి, ఏడాదికోసారి అది ఉచితం. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాట్సాప్‌లో 'రెజ్యూమె ఫార్మాట్' పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే ముట్టుకోకండి.

చివరగా మీ పాత రెజ్యూమె గురించి. అందులో నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు, ఆధార్ నంబరు, కింద సంతకం ఉన్నాయి. అప్లై చేసే దశలో వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. పేరు, ఊరు, ఫోన్, మెయిల్ చాలు. మీరు పంపిన రెండు ఫైళ్లూ నా మెయిల్‌లోంచి తీసేశాను. మీ సెంట్ ఫోల్డర్‌లోంచి మీరూ తీసేయండి.