పాతబస్తీకి మొదటిసారి వెళ్తున్న నా మేనకోడలికి

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. "అత్తమ్మా, హైదరాబాద్ వచ్చి ఎనిమిది నెలలైంది, ఆఫీసు, హాస్టల్ తప్ప ఏమీ చూడలేదు. పాతబస్తీని రాత్రిపూట చూడాలని ఉంది, నాన్న వద్దంటున్నాడు" అన్నావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువుకో.

ముందు మీ నాన్న సంగతి. 1990 డిసెంబరులో ఇక్కడ మతఘర్షణలు జరిగి చాలామంది చనిపోయారు. రోజుల తరబడి కర్ఫ్యూ. అప్పుడు మీ నాన్న ఇక్కడే డిగ్రీ చదువుతున్నాడు. హాస్టల్ గదిలోంచి బయటికి రాకుండా అటుకులు తిని గడిపాడు. ఆ భయం ఆయన మనసులోంచి ఇంకా పోలేదు. దాన్ని తేలిగ్గా తీసిపారేయకు, వాదించకు. నేను నలభై ఏళ్లకు దగ్గరగా ఈ ఊరితో ఉన్నాను, పోయిన వారం కూడా రాత్రి పదకొండింటికి లాడ్ బజార్‌లో ఉన్నాను. ఆయనతో నేను మాట్లాడతాను. నువ్వు ఎక్కడున్నావో గంటకోసారి మెసేజ్ పెట్టు, అంతే చాలు.

ఇప్పుడే వెళ్లమని ఎందుకు అంటున్నానో చెప్తాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. ఉగాది దాటాక ఎండలు మాడ్చేస్తాయి. ఈ మధ్యలో దొరికే నెల రోజులే పాతబస్తీలో నడవడానికి మంచి కాలం. పగలు ముప్పై అయిదు డిగ్రీలున్నా పొద్దు వాలాక మూసీ మీంచి గాలి వస్తుంది. పైగా ఈసారి రంజాన్ కూడా ఈ రోజుల్లోనే వచ్చింది. ఇది ఏటా జరిగేది కాదు. ముస్లింల నెలలూ మన నెలలూ చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి కానీ, మనం అధికమాసం కలిపి ఉగాదిని వసంతంలోనే నిలుపుకుంటాం. వాళ్లకు ఆ సర్దుబాటు లేదు. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోయి, మళ్లీ అదే కాలానికి రావడానికి దాదాపు 33 ఏళ్లు పడుతుంది. 1993లో ఉగాది, రంజాన్ పండుగ పక్కపక్క రోజుల్లో వచ్చాయి. నేను మొదటిసారి ఆ వీధుల్లో రాత్రి నడిచింది ఆ ఏడే. నాకప్పుడు నీ వయసే.

కోఠిలో బ్యాంకు ఉద్యోగం, సుల్తాన్ బజార్ వెనక అద్దె గది. నాతో పనిచేసే ఒక ఆపా (ఉర్దూలో అక్క) శాలిబండ నుంచి వచ్చేది. "నువ్వు హైదరాబాద్‌లో ఉంటున్నావు గానీ హైదరాబాద్‌ని చూడలేదు" అని ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆమె నేర్పిన పద్ధతే నీకూ చెప్తున్నాను: ఒక రాత్రికి ఒక్క దారి. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్యానీ, హలీమ్ అన్నీ ఒక్క రోజులో కానిద్దామనుకుంటే కాళ్ల నొప్పులు, ఫోన్లో ఫోటోలు తప్ప ఏం మిగలవు.

కారు, బైకు వద్దు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ఎంజీబీఎస్‌లో దిగు. చార్మినార్ దాకా మెట్రో లేదు. అక్కణ్ణుంచి నడవాలి, నడిస్తేనే అందం. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ ఎక్కగానే ఒక్క నిమిషం ఆగు. వెనక ఉస్మానియా ఆసుపత్రి, ముందు కుడిచేతి వైపు హైకోర్టు, ఎడమచేతి వైపు సాలార్‌జంగ్ మ్యూజియం. కింద మూసీ. ఇప్పుడు చూస్తే ఈ సన్నటి నీళ్లు ఊరిని ముంచాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ 1908 సెప్టెంబరు వరదలో వేలమంది పోయారు. ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, ఆ రోజు నూట యాభై మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. పగటిపూట ఒకసారి వెళ్లి ఆ చెట్టును చూసి రా.

వంతెన దిగితే మదీనా చౌరస్తా. రంజాన్‌లో ఇక్కడ పుచ్చకాయలు, కర్బూజాలు, ద్రాక్ష, ఖర్జూరాలు గుట్టలు పోసి ఉంటాయి. నువ్వు ఆరింటికల్లా ఇక్కడికి చేరేలా చూసుకో. ఈ రోజుల్లో సూర్యాస్తమయం ఆరున్నర లోపే. ఆ పావుగంట ఎవరినీ బేరాలాడి విసిగించకు. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగని మనుషులు వాళ్లు. ఉపవాసం విడిచే సైరన్ మోగగానే వీధి వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. అంతసేపూ అరిచిన అరటిపళ్లబ్బాయి బండి పక్కనే గోనెపట్టా మీద కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకుంటాడు. నువ్వు పక్కన నిలబడి ఉంటే నీ ముందుకూ పళ్లెం జరుపుతారు. వద్దనకు. ఒక్క ముక్కైనా తీసుకో. 1993లో నాకు ఆ పళ్లెం జరిపిన ముసలాయన "లేలో బేటీ" (తీసుకో తల్లీ) అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

మదీనా నుంచి పత్తర్‌గట్టి. రెండు వైపులా రాతి కమానులతో ఒకే తీరుగా ఉన్న దుకాణాల వరుస, వరద తర్వాత ఊరిని తిరిగి కట్టినప్పుడు కట్టింది. తల పైకెత్తి నడువు, కింద బోర్డులే చూస్తే అసలు కట్టడం కనపడదు. ఇక్కడ ముత్యాలమ్మే దుకాణాలు చాలా. మొదటిసారి వెళ్లినప్పుడు కొనకు. దుకాణం పేరు చెప్పను గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల జీతంలో మంచి భాగం పెట్టి మీ నానమ్మకు కొన్న దండ ఏడాదికే పెచ్చులూడింది. ముత్యాన్ని పంటి అంచు మీద మెల్లగా రాస్తే సన్నటి ఇసుకలా గరగరలాడాలి. జారిపోతే అది గాజో ప్లాస్టిక్కో. బిల్లు ఇవ్వని చోట ఎంత చవకైనా తీసుకోవద్దు.

కొంచెం ముందుకు పోతే మచ్లీ కమాన్, దాన్ని దాటితే గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా నాలుగు కమానులు, మధ్యలో నీటి తొట్టి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాక, దాని ఎదురుగా వేసిన చౌకు ఇది. ఇక్కణ్ణుంచి కమాను లోపల ఒదిగినట్టు కనపడే చార్మినార్‌ని చూడు. చార్మినార్ పైకి ఎక్కాలంటే మాత్రం సాయంత్రం అయిదున్నరకే మూసేస్తారు, దానికి వేరే రోజు పెట్టుకో. మెట్లు ఇరుకు, ఎత్తు, వంగి ఎక్కాలి. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం సెలవు, గుర్తుంచుకో.

ఇప్పుడు తిండి. హలీమ్ నువ్వు గచ్చిబౌలిలో తినే ఉంటావు. ఇక్కడ తినేముందు తయారయ్యేది చూడు. రోడ్డు పక్కనే ఇటుకలతో, మట్టితో కట్టిన భట్టీలు, వాటిలో మెడదాకా దిగిన డేగులు, అంటే పెద్ద వంటపాత్రలు. పొద్దుటి నుంచి కట్టెల మంట మీద మాంసం, గోధుమలు, పప్పులు, మసాలా ఉడుకుతూనే ఉంటాయి. మధ్యాహ్నం దాటాక ఇద్దరు ముగ్గురు భట్టీ అంచున నిలబడి, మనిషెత్తు కర్ర గోటాలతో దంచుతారు. ఒకరు ఎత్తితే ఒకరు దించుతారు, లయ తప్పదు. మాంసం పీచు పీచుగా విడిపోయి గోధుమలో కలిసిపోయి, గరిటె ఎత్తితే తీగలా సాగాలి. ఉపవాసంలో ఉన్న మనిషి తాను రుచి చూడకుండా అంత మంట పక్కన అలా దంచుతుంటే చూసి, నేను ఆ రోజు నుంచి హలీమ్ గిన్నెలో మెతుకు వదల్లేదు. 2010లో దీనికి జీఐ, అంటే ఈ ఊరి ప్రత్యేకత అనే గుర్తింపు వచ్చింది. పిస్తా హౌస్, షా గౌస్, షాదాబ్ ఏదైనా మంచిదే, ఎవరి ఇష్టం వాళ్లది. ఇఫ్తార్ రద్దీ తగ్గాక ఏడున్నర, ఎనిమిదింటికి వెళ్లు. ఇద్దరికి ఒక ప్లేటు చాలు. పైన పోసిన నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర మొత్తం ఒకేసారి కలిపేయకు. నిమ్మకాయ పిండి, అంచు నుంచి తింటూ రా. తిన్న వెంటనే చల్లటి నీళ్లు, కూల్‌డ్రింకు తాగొద్దు, నెయ్యి గొంతులోనే పేరుకున్నట్టు ఉంటుంది. చాయ్ తాగాలి.

చాయ్‌కి చార్మినార్ ఎదురుగా, మక్కా మసీదు పక్కన ఉన్న నిమ్రా. కూర్చోవడానికి కుర్చీ కోసం వెతకకు, అక్కడ నిలబడి తాగడమే. డికాక్షన్ ఒక పాత్రలో, పాలు మరో పాత్రలో గంటల తరబడి మరుగుతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అను. ఉస్మానియా బిస్కెట్ రెండు తీసుకో. చాయ్‌లో ముంచి, ఒకటి, రెండు అనుకునేలోపు నోట్లో పెట్టుకోవాలి. మూడు అన్నావంటే అడుగున పడుతుంది. ఉప్పు, తీపి కలిసిన ఆ బిస్కెట్ నాలుక మీద కరిగేటప్పుడు దీపాల వెలుగులో చార్మినార్ వంక చూడు. నాకు ఈ ఊళ్లో అంతకన్నా ఇష్టమైన క్షణం లేదు.

అప్పుడు లాడ్ బజార్‌కి మళ్లు. గాజులు మెరుస్తుంటే కళ్లు చెదురుతాయి. ముందు పక్క సందుల్లోకి వెళ్లి చేసేవాళ్లను చూడు. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, చెక్కతో దొర్లించి, సన్నటి కడ్డీలా సాగదీసి, వంచి, రెండు కొసలు అతికించి, చెక్క అచ్చుకు తొడిగి కొలత సరిచేస్తారు. వేడి ఆరకముందే సూదిమొన లాంటి పుల్లతో ఒక్కొక్క రాయినీ అద్దుతారు. ఆ చేతివేళ్ల కొసలు చూడు, బొబ్బలు కాసి కాసి గట్టిపడి ఉంటాయి. ఆ తర్వాత బేరం ఎంత ఆడాలో నీకే తెలుస్తుంది. యంత్రంలో వచ్చిన గాజుల మీద గట్టిగా ఆడు, చేత్తో చేసినవాటి మీద మర్యాదగా ఆడు.

రంజాన్ మొదటి రెండు వారాల్లో వెళ్తే నింపాదిగా తిరగొచ్చు. పండుగ ముందు చివరి వారం రాత్రి తెల్లవార్లూ బజారు తెరిచే ఉంటుంది, ఇసుక వేస్తే రాలని జనం. ఆ రద్దీ కూడా ఒక్కసారి చూడాల్సిందే, కానీ దానికి ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో వెళ్లు. బ్యాగు ముందుకు వేసుకో. తొక్కిసలాట ఎక్కువైతే ఆడవాళ్లు, పిల్లలు కూర్చున్న దుకాణం మెట్లెక్కి నిలబడు, ఎవరూ పొమ్మనరు. బాత్రూమ్‌లు ఆ చుట్టుపక్కల తక్కువ. హోటల్లో ఫ్యామిలీ సెక్షన్‌లో తిన్నప్పుడే ఆ పని చూసుకుని బయలుదేరు. కాటన్ బట్టలు, చదునైన చెప్పులు, మెడలో చున్నీ ఒకటి. మసీదు ఆవరణలోకి వెళ్తే తల మీద వేసుకోవచ్చు. నమాజు వేళ లోపలికి వెళ్లొద్దు. ఎవరినైనా ఫోటో తీయాలంటే అడిగి తీయి, ముఖ్యంగా ఆడవాళ్లను. తిరుగు ప్రయాణానికి చార్మినార్ దగ్గర నిలబడి క్యాబ్ బుక్ చేస్తే గంటైనా రాదు, మదీనా దాటి నయాపూల్ దాకా నడిచి వచ్చి బుక్ చేసుకో. చివరి మెట్రో పదకొండుకు అటూ ఇటూ ఉంటుంది, దాని మీద నమ్మకం పెట్టుకుని పరుగెత్తకు.

రెండో విడత కోఠి, సుల్తాన్ బజార్, మోజంజాహీ మార్కెట్ పెట్టుకో. ఆదివారం మధ్యాహ్నం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, చీకటి పడ్డాక మోజంజాహీ. 1935లో నిజాం కట్టించిన రాతి మార్కెట్, ఈ మధ్యనే బాగుచేశారు. ఫేమస్ ఐస్‌క్రీమ్‌లో పండ్ల ఐస్‌క్రీమ్ తిను, ఏ కాలపు పండు ఆ కాలంలోనే. పక్కనే జాంబాగ్‌లో అప్పుడే మల్లెలు మొదలవుతాయి, ఒక మూర కొనుక్కో.

మూడోది పొద్దున పూట, రంజాన్ అయిపోయాక. ఉపవాసాల నెలలో పగలు చాలా హోటళ్లు మూసే ఉంటాయి. ఎనిమిదింటికల్లా గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద దోశ తిను. అక్కణ్ణుంచి పురానీ హవేలీ వైపు నడిచి, 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణంలో నాలుగు మూలల నాన్ తందూరులోంచి తీస్తుంటే చూసి, నాలుగు కట్టించుకుని మా ఇంటికి రా. పాయా, అదే మేక కాళ్ల పులుసు, నేను చేసి ఉంచుతాను.

లాడ్ బజార్‌కి వెళ్లినప్పుడు నాకో డజను తీసుకురా. సైజు రెండూ ఆరు. ఆకుపచ్చ లక్క, తెల్లరాళ్లు. అతుకు దగ్గర గోటితో గీరి చూసి తీసుకో, గరుకు తగిలితే మార్చమను.

మీ అత్తమ్మ