ఫొటో ఎడిట్ చేస్తుంటే స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తోందా? డ్రైవర్ మీద చెయ్యి వేసే ముందు ఇవి చూడండి

ప్రశ్న క్లుప్తంగా: రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న విండోస్ 11 ల్యాప్‌టాప్. ఒక అప్‌డేట్ తర్వాత ఫొటోషాప్‌లో జూమ్ చేస్తే కాన్వాస్ మీద నల్ల గళ్లు వస్తున్నాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో డినాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలను తీసే పని) నొక్కితే స్క్రీన్ ఒక క్షణం నల్లబడి తిరిగొస్తోంది, ఒక్కోసారి ప్రోగ్రామే మూసుకుపోతోంది. డ్రైవర్ (విండోస్‌కు, గ్రాఫిక్స్ చిప్‌కు మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్) రెండుసార్లు తీసి వేసినా మార్పు లేదు.

మూడోసారి తీయకండి. తప్పు ఎక్కడుందో తేలకుండా డ్రైవర్ మార్చడం వల్ల ఏది మారిందో, ఏది మారలేదో మీకే తెలియకుండా పోతుంది. పది నిమిషాల పరీక్షలతో సమస్య సగం తేలిపోతుంది, వాటితో మొదలుపెడదాం.

నల్ల గళ్లు కనిపిస్తున్నప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఫోన్‌కి పంపి అక్కడ చూడండి. స్క్రీన్‌షాట్‌లో కూడా గళ్లు ఉంటే బొమ్మ తయారయ్యే దగ్గరే పాడవుతోంది, అంటే ప్రోగ్రామ్, డ్రైవర్, గ్రాఫిక్స్ మెమరీ, ఈ మూడింటిలో ఒకటి. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉండి స్క్రీన్ మీద మాత్రమే గళ్లు ఉంటే కేబుల్, ప్యానెల్, రిఫ్రెష్ రేట్ వైపు చూడాలి. బయటి మానిటర్ అయితే మొదట కేబుల్ మార్చి, రిఫ్రెష్ రేట్ 60 హెర్ట్జ్‌కు దించి చూడండి.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. గళ్లు వచ్చిన ఫొటోనే జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, 100 శాతం జూమ్‌లో మూలమూలా చూడండి. స్క్రీన్ మీది గళ్లు చిరాకు మాత్రమే, ఎక్స్‌పోర్ట్‌లోకి వచ్చిన గళ్లు మీ పనినే పాడుచేస్తాయి. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌ను కూడా గ్రాఫిక్స్ చిప్‌తో చేయించగలదు కాబట్టి ఇది నిజంగా జరుగుతుంది. ఈ గొడవ మొదలైన తర్వాత మీరు ఎవరికైనా ఫొటోలు పంపి ఉంటే, వాటిని ఈరోజే మళ్లీ ఒకసారి తెరిచి చూడండి.

ఇక ప్రోగ్రామ్ లోపలికి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎడిట్ → ప్రిఫరెన్సెస్ → పర్ఫార్మెన్స్‌కు వెళ్తే ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ దగ్గర ఆటో, కస్టమ్, ఆఫ్ ఉంటాయి. కస్టమ్ ఎంచుకోండి. డిస్‌ప్లే, ఇమేజ్ ప్రాసెసింగ్, ఎక్స్‌పోర్ట్ అని విడివిడిగా టిక్‌లు కనిపిస్తాయి. గ్రాఫిక్స్ చిప్ చేసే పనులు ఇవి, ఒక్కోటి డ్రైవర్‌లో ఒక్కో దారిని వాడుతుంది. కింది నుంచి పైకి ఒక్కో టిక్ తీస్తూ, ప్రతిసారీ ప్రోగ్రామ్ మూసి తెరిచి, అదే ఫొటో మీద అవే స్లయిడర్లు జరపండి. ఏ టిక్ తీసినప్పుడు గొడవ ఆగిందో కాగితం మీద రాసుకోండి. డినాయిస్‌ను ఈ పరీక్షలో కలపకండి, అది బరువైన పని, దాని సంగతి కింద వేరేగా చెబుతాను.

ఫొటోషాప్‌లో ఎడిట్ → ప్రిఫరెన్సెస్ → పర్ఫార్మెన్స్‌లో ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ టిక్ తీసి ప్రోగ్రామ్‌ను మూసి తెరవండి. గళ్లు పోతే దారి సరైనదే. కానీ అలాగే వదిలేయకండి. గ్రాఫిక్స్ లేకుండా కాన్వాస్ తిప్పడం, ఆయిల్ పెయింట్ ఫిల్టర్, బ్రష్ సైజును మౌస్‌తో లాగి మార్చడం లాంటివి పనిచేయవు, పెద్ద ఫైళ్లలో జూమ్ కూడా గతుకులు పడుతుంది. మళ్లీ టిక్ పెట్టి, ప్రిఫరెన్సెస్‌లోని టెక్నాలజీ ప్రివ్యూస్‌లో ‘డీయాక్టివేట్ నేటివ్ కాన్వాస్’ అని మీ వెర్షన్‌లో ఉంటే దాన్ని ఎంచుకుని చూడండి. జూమ్ చేసినప్పుడు, పక్కకు జరిపినప్పుడు మాత్రమే వచ్చే గళ్లకు చాలాసార్లు ఇదొక్కటే చాలు.

ఇప్పుడు స్క్రీన్ నల్లబడి తిరిగి రావడం గురించి. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. గ్రాఫిక్స్ చిప్‌కు పని ఇచ్చాక అది 2 సెకన్లలోగా బదులివ్వకపోతే, చిప్ బిగుసుకుపోయిందని విండోస్ అనుకుంటుంది. వెంటనే డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. దీన్నే టీడీఆర్ అంటారు. ఆ క్షణంలో స్క్రీన్ నల్లబడుతుంది. డెస్క్‌టాప్ తిరిగొస్తుంది గానీ, ఫొటోషాప్, లైట్‌రూమ్ చిప్ మెమరీలో దాచుకున్నదంతా పోతుంది. కొన్నిసార్లు అవి కోలుకుంటాయి, కొన్నిసార్లు మూసుకుపోతాయి. అంటే మూసుకుపోయింది ప్రోగ్రామే అయినా, దాన్ని పడేసింది కింద ఉన్న డ్రైవర్.

ఊహించనక్కర్లేదు, రుజువు ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన లోపల జరిగినవి రాసుకునే చిట్టా) తెరిచి విండోస్ లాగ్స్ → సిస్టమ్‌లో, స్క్రీన్ నల్లబడిన నిమిషం దగ్గర చూడండి. సోర్స్ ‘డిస్‌ప్లే’, నంబర్ 4101 ఉంటే అది టీడీఆర్. ఎన్‌విడియా చిప్ అయితే దాని డ్రైవర్ పేరుతో 13, 14, 153 నంబర్లు కూడా పక్కన కనిపించవచ్చు. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ హిస్టరీ అని వెతికి తెరిస్తే ఇదే సంగతి రోజులవారీగా కనిపిస్తుంది. అక్కడ లైవ్ కెర్నల్ ఈవెంట్ 141 అని ఉంటే అదీ గ్రాఫిక్స్ చిప్ బిగుసుకుపోయిన గుర్తే. పైగా గొడవ ఏ తేదీన మొదలైందో, అదే తేదీన ఏ అప్‌డేట్ పడిందో ఒకే పేజీలో కనిపిస్తాయి. నేనైతే ముందు ఈ పేజీనే చూస్తాను. టీడీఆర్ నమోదు ఏదీ లేకుండా ప్రోగ్రామ్ మాత్రమే మూసుకుపోతుంటే డ్రైవర్‌ను వదిలేసి ప్లగిన్లు, పాడైన ప్రిఫరెన్సెస్ చూడండి. ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి పట్టుకుంటే ప్రిఫరెన్సెస్ తుడిచేయాలా అని అడుగుతుంది. దానికి ముందు మీ బ్రష్‌లు, యాక్షన్లు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

రెండు చిప్‌ల ల్యాప్‌టాప్‌లో ఇంకో చిక్కుంది. మీరు ఎన్‌విడియా డ్రైవర్ మారుస్తూ ఉంటారు, ప్రోగ్రామేమో ఇంటెల్ చిప్ మీద నడుస్తూ ఉంటుంది. రెండుసార్లు మార్చినా తేడా లేదన్నారు కాబట్టి మీ దగ్గర ఇది తప్పకుండా చూడాలి. ఫొటోషాప్‌లో హెల్ప్ → సిస్టమ్ ఇన్ఫో తెరిచి అది ఏ చిప్‌ను ఎంచుకుందో చదవండి. మార్చాలంటే సెట్టింగ్స్ → సిస్టమ్ → డిస్‌ప్లే → గ్రాఫిక్స్‌లో ఫొటోషాప్, లైట్‌రూమ్ రెండింటినీ జాబితాలో చేర్చి, ఆప్షన్స్‌లో ‘హై పర్ఫార్మెన్స్’ పెట్టండి. జాబితాలో లేకపోతే బ్రౌజ్ నొక్కి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోంచి అసలు ప్రోగ్రామ్ ఫైల్‌ను చూపించాలి, డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌ను కాదు. ఫొటోషాప్ కొత్త వెర్షన్ వేరే ఫోల్డర్‌లో కూర్చుంటుంది కాబట్టి ఏటా పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత దీన్ని మళ్లీ పెట్టాల్సి వస్తుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే, మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, మదర్‌బోర్డుకు పెట్టారా అన్నది ఒకసారి వెనక్కి వంగి చూడండి.

ఏ డ్రైవర్ వేయాలి? కొత్తదే మంచిదని అనుకోకండి. మీ పనికి కావాల్సింది నిలకడగా ఉన్నది. ఎన్‌విడియాకు గేమ్ రెడీ, స్టూడియో అని రెండు రకాలున్నాయి, ఫొటో పనికి స్టూడియో తీసుకోండి. ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ లేదా ఏఎండీ లోపలి చిప్‌కు ముందు ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చిన వెర్షన్ ప్రయత్నించండి, చిప్ మార్చుకునే ఏర్పాటుకు తగ్గట్టు వాళ్లు దాన్ని సరిచేసి ఉండవచ్చు. అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే అన్నిటికన్నా దగ్గరి దారి డివైస్ మేనేజర్ → డిస్‌ప్లే అడాప్టర్స్ → ప్రాపర్టీస్ → డ్రైవర్ → రోల్ బ్యాక్ డ్రైవర్. ఆ బటన్ వెలిసిపోయి ఉంటే పాత డ్రైవర్ మిగల్లేదని అర్థం.

అక్కడ కనిపించే వెర్షన్ నంబర్ చాలామందిని తికమక పెడుతుంది. ఎన్‌విడియాది 32.0.15.6094 అని ఉంటే చివరి ఐదు అంకెలు తీసుకోండి: 5, 6, 0, 9, 4. అది 560.94 డ్రైవర్. డౌన్‌లోడ్ చేసినదాని నంబర్‌తో ఇది కలవకపోతే, మీరు వేసిన డ్రైవర్ మీద విండోస్ అప్‌డేట్ తన డ్రైవర్‌ను తెచ్చి కూర్చోబెట్టింది. తీసి వేసినా మార్పు లేదనే ఫిర్యాదుల వెనక తరచుగా కనిపించే కారణం ఇదే.

కాబట్టి శుభ్రంగా వేయాలంటే వరస ఇలా ఉండాలి. కావాల్సిన డ్రైవర్, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ (పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేసే ప్రోగ్రామ్), రెండూ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ రాసి పెట్టుకోండి, సేఫ్ మోడ్‌కు వెళ్లేటప్పుడు అడిగే అవకాశం ఉంది. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ గుర్తుండాలి. ఇప్పుడు వైఫై ఆపండి, లాన్ కేబుల్ ఉంటే పీకేయండి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే మిగతా శ్రమ వృథా, ఎందుకంటే డ్రైవర్ లేదని తెలిసిన వెంటనే విండోస్ తనంతట తనే ఒకటి దించుకుంటుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ట్రబుల్‌షూట్ → అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ → స్టార్టప్ సెట్టింగ్స్ → రీస్టార్ట్, తర్వాత 4 నొక్కండి. సేఫ్ మోడ్‌లో అన్‌ఇన్‌స్టాలర్ తెరిచి, చిప్ కంపెనీని ఎంచుకుని ‘క్లీన్ అండ్ రీస్టార్ట్’ ఇవ్వండి. గొడవ చేస్తున్న చిప్ డ్రైవర్‌నే తీయండి, రెండూ ఒకేసారి తీయకండి. మామూలుగా తెరుచుకున్నాక డ్రైవర్ వేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, అప్పుడే నెట్ కలపండి. కలిపాక పది నిమిషాలు ఆగి వెర్షన్ నంబర్ మళ్లీ చూడండి.

డినాయిస్ దగ్గరే స్క్రీన్ నల్లబడుతుంటే ముందు గ్రాఫిక్స్ మెమరీ చూడాలి. టాస్క్ మేనేజర్ → పర్ఫార్మెన్స్ → జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్)లో ‘డెడికేటెడ్ జీపీయూ మెమరీ’ వరసను చూస్తూ డినాయిస్ నడపండి. అది అంచుకు తగిలిన క్షణంలోనే స్క్రీన్ పోతోందంటే డ్రైవర్‌కు ఊపిరాడడం లేదు. అప్పుడు ఫొటోషాప్, బ్రౌజర్ మూసేయండి. నలభై ట్యాబ్‌ల బ్రౌజర్ కూడా గ్రాఫిక్స్ మెమరీని బాగానే తింటుంది. 4కే మానిటర్ అదనంగా పెట్టుంటే దాన్ని తీసి చూడండి. ఒక్కో ఫొటోకే డినాయిస్ నడపండి.

మెమరీ చాలినంత ఉండి కూడా 4101 వస్తుంటే ఆ 2 సెకన్ల గడువును పెంచి చూడవచ్చు. రిజిస్ట్రీలో (విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచే చోటు) హెచ్‌కీ లోకల్ మెషీన్ → సిస్టమ్ → కరెంట్ కంట్రోల్ సెట్ → కంట్రోల్ → గ్రాఫిక్స్ డ్రైవర్స్ దగ్గర ‘టీడీఆర్‌డిలే’ (TdrDelay) పేరుతో, మధ్యలో ఖాళీ లేకుండా, 32 బిట్ డీవర్డ్ సృష్టించి డెసిమల్‌లో 8 ఇచ్చి రీస్టార్ట్ చేయండి. ముందు రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకోవాలి. చిప్ నిజంగా పనిచేస్తూ ఆలస్యమవుతుంటే ఇది కాపాడుతుంది. చిప్ నిజంగానే బిగుసుకుపోతుంటే 2 సెకన్ల బదులు 8 సెకన్లు స్క్రీన్ కదలకుండా ఉండి, తర్వాత అదే జరుగుతుంది. ఆ తేడాయే మీకు జవాబు. రెండోదైతే ఆ విలువ తీసేయండి.

ఓవర్‌క్లాక్ (చిప్ వేగం పెంచడం), అండర్‌వోల్ట్ (చిప్ వోల్టేజీ తగ్గించడం), స్క్రీన్ మీద ఫ్రేమ్ రేట్ చూపే ఓవర్‌లేలు, స్క్రీన్ రికార్డర్లు, అన్నీ పరీక్ష సమయంలో ఆపండి. గేముల్లో గంటలు నిలిచిన ఓవర్‌క్లాక్ డినాయిస్‌లో నిలబడకపోవచ్చు, ఆ లెక్కలు చిప్‌ను వేరే తీరుగా పిండుతాయి. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద కాకుండా దాని సొంత ఛార్జర్ మీదే పరీక్షించండి. సెట్టింగ్స్‌లో ‘హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ జీపీయూ షెడ్యూలింగ్’ ఆపి రీస్టార్ట్ చేసి చూడటం కూడా రెండు నిమిషాల పనే. రెండు మూడు వేర్వేరు డ్రైవర్లతోనూ, మామూలు క్లాక్‌తోనూ 4101 వస్తూ, క్లాక్ 100 మెగాహెర్ట్జ్ తగ్గిస్తే ఆగిపోతే అది హార్డ్‌వేర్ లోపం. దాన్ని ఏ డ్రైవరూ బాగుచేయదు, వారంటీలో ఇవ్వండి.

రంగుల గురించి ఒక మాట, ఫొటో మనుషులకు ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది కాబట్టి. మానిటర్‌ను క్యాలిబ్రేట్ చేసి (రంగులు సరిగ్గా చూపేలా కొలిచి సరిదిద్ది) ఉంటే, ఆ దిద్దుబాటు పట్టిక గ్రాఫిక్స్ చిప్‌లో లోడై ఉంటుంది. టీడీఆర్ జరిగినప్పుడు అది చెరిగిపోవచ్చు. స్క్రీన్ తిరిగొచ్చింది కదా అని అలాగే రంగులు దిద్దుతూ పోతే, తప్పు స్క్రీన్‌ను నమ్మి దిద్దినట్టవుతుంది. స్క్రీన్ ఒకసారి నల్లబడిందంటే పని ఆపి, క్యాలిబ్రేషన్ లోడర్‌తో ప్రొఫైల్ మళ్లీ ఎక్కించండి. కొత్త డ్రైవర్ వేశాక చీకటి ఫొటో తెరిస్తే స్క్రీన్ తనంతట తనే మసకబారుతుంటే, ఇంటెల్‌లో డిస్‌ప్లే పవర్ సేవింగ్, ఏఎండీలో వేరీ బ్రైట్ మళ్లీ ఆన్ అయ్యుంటాయి, ఆపేయండి. హెచ్‌డీఎంఐ మానిటర్‌లో నలుపు బూడిదరంగులా కనిపిస్తే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ ‘లిమిటెడ్’ నుంచి ‘ఫుల్’కు మార్చండి.

వేరే ప్రోగ్రాములు వాడేవారికి: క్యాప్చర్ వన్ డ్రైవర్ మారిన ప్రతిసారీ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను మొదటినుంచి సిద్ధం చేసుకుంటుంది, అది ముగిసేదాకా నెమ్మదిగా ఉంటుంది, కంగారుపడి మళ్లీ డ్రైవర్ మార్చకండి. అఫినిటీ ఫొటోలో ప్రిఫరెన్సెస్ (కొత్త వెర్షన్లలో సెట్టింగ్స్) → పర్ఫార్మెన్స్‌లో ఓపెన్‌సీఎల్ (గ్రాఫిక్స్ చిప్‌తో లెక్కలు చేయించే ఏర్పాటు) టిక్ తీసి చూడండి. డార్క్‌టేబుల్‌లోనూ ఓపెన్‌సీఎల్‌ను సెట్టింగ్స్‌లోంచి ఆపవచ్చు.

కుదిరిన డ్రైవర్ దొరికాక దాని ఇన్‌స్టాలర్ ఫైల్‌ను వేరే డ్రైవ్‌లో దాచి, పక్కనే ఫొటోషాప్, లైట్‌రూమ్ వెర్షన్లు రాసి పెట్టుకోండి. అయినా తేలకపోతే స్క్రీన్‌షాట్ పరీక్షలో ఏం కనిపించింది, ఏ టిక్ తీస్తే ఆగింది, 4101 ఉందా లేదా, డివైస్ మేనేజర్‌లో రెండు చిప్‌ల వెర్షన్ నంబర్లు ఏమిటి, ఈ నాలుగూ ఇక్కడ రాయండి. అక్కణ్నుంచి ముందుకు చూద్దాం.