నీ బ్యాగులో ఉన్న మాత్రల గురించి

బుజ్జీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, దీనికి నైట్ డ్యూటీ చేసొచ్చాక నిద్ర పట్టట్లేదట, ఏదో అర మాత్ర వేసుకుంటోంది" అంది. ఏం మాత్రో తనకి తెలీదు. నాకు తెలుసు. నేనూ అదే వేసుకున్నాను, ఎనిమిది నెలలు. ఈ మాట ఇంట్లో మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ తెలీదు.

అప్పటికి నా సర్వీసు ఆరేళ్లు. పిల్లల వార్డులో నలభై మందికి ఇద్దరం సిస్టర్లం. తెల్లవారుజామున ఒక పసివాడు పోయాడు. ఆ నిమిషంలో నేను ఇంకో పాపకి సెలైన్ ఎక్కిస్తున్నాను. వాళ్ల నాన్న నన్ను అనరాని మాటలన్నాడు. నేను ఆ బెడ్డు దుప్పటి మార్చి, రిపోర్టు రాసి, ఛార్జ్ అప్పజెప్పి ఇంటికెళ్లి పొయ్యి మీద పప్పు పడేశాను. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నిద్ర మాత్రం పోయింది.

మందుల షాపువాడైనా చీటీ అడుగుతాడేమో గానీ, వార్డు బీరువా అడగదు కదా. మొదట అర ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మాత్ర), తర్వాత ఒకటి, ఆ తర్వాత ఒకటిన్నర. మొదటి వారం హాయిగానే ఉంటుంది, అబద్ధమెందుకు. పేషెంటు ఇలా సొంత వైద్యం చేసుకుంటే చీవాట్లు పెడతాం. మన దగ్గరికొచ్చేసరికి డోసు మనకి తెలుసులే అనుకుంటాం.

ఈ ఉత్తరం చదివి రోషంతో ఆ స్ట్రిప్ పారేయకు. కొన్ని వారాలుగా రోజూ వేసుకుంటూ ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, చేతుల వణుకు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. నేను అలాగే ఆపి మూడు రోజులు నరకం చూశాను. డాక్టరు చెప్పిన లెక్కలో కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

పనిచేసే చోటే చూపించుకుంటే మధ్యాహ్నానికల్లా క్యాంటీన్‌లో తెలిసిపోతుందని నీ భయం కావచ్చు. బయట చూపించుకో. నీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మనసు బాధలు వినే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, 14416. రాత్రీ పగలూ తీస్తారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2022లో వచ్చింది, మా రోజుల్లో ఇలాంటిదేదీ లేదు. ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్కదానివే ఉండకు, ఆ నంబరుకి చెయ్యి, నాకూ చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుతాను. నైట్ డ్యూటీల పుణ్యమా అని నాకిప్పటికీ మూడింటికే మెలకువ వస్తుంది.

నిద్ర సంగతి. డ్యూటీలో రాత్రి రెండు దాటాక టీ తాగకు. ఇంటికొచ్చి ఇంత పెరుగన్నం తిని, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, ఫోన్ ఇంకో గదిలో పెట్టు. కళ్లు మూతలు పడుతుంటే స్కూటీ తీయకు, ఆటో ఎక్కు.

మీ ఆసుపత్రిలో ఒత్తిడి తగ్గించే క్లాసు పెట్టారటగా! నైట్ దిగినవాళ్లని కూర్చోబెట్టి గంటసేపు ఊపిరి పీల్చి వదలమన్నారని విని నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఐసీయూలో ఒక బెడ్డుకి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నీకు ముగ్గురు పేషెంట్లని ఇస్తున్నారు. ముగ్గురి పని ఒక్కత్తివీ చేసి అలిసిపోతే అది నీ మనసు పిరికిదవడం కాదే. ఈ షిఫ్టులో ఇంతమంది పేషెంట్లు, ఇంతమంది నర్సులు అని రిపోర్టు బుక్‌లో రోజూ ఒక్క వాక్యం రాయి. నోటితో చెప్పింది మర్చిపోతారు, రాసింది ఉంటుంది. హెడ్ సిస్టర్ మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. నేనూ హెడ్ సిస్టర్‌గా చేశాను, అలాంటివి చదివినప్పుడు నాకూ కోపమొచ్చేది. కానీ మనుషుల్ని ఇవ్వండని పైవాళ్లని అడగడానికి నాకు పనికొచ్చినవి ఆ వాక్యాలే.

ఆదివారం నీకు నైట్ ఆఫ్ అని మీ అమ్మ చెప్పింది. ఆదివారం పొద్దున్న డ్యూటీ దిగాక బస్సెక్కు. సోమవారం పొద్దున్న ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికెళ్దాం. ఆ స్ట్రిప్ కూడా తెచ్చుకో, ఎన్ని వేసుకున్నావో ఆయన చూడాలి.

మీ పెద్దమ్మ