ఇస్తాంబుల్‌లో రుస్తెం పాషా మసీదు: ఒక్క పూట సమయం ఉన్నవారికి నా జవాబు

ఇస్తాంబుల్‌లో ఒక్క పూట మాత్రమే ఖాళీ ఉందనీ, బ్లూ మాస్క్ ఎలాగూ చూస్తున్నారు కాబట్టి ఎమినోనూ దగ్గరున్న చిన్న రుస్తెం పాషా మసీదుకు ప్రత్యేకంగా వెళ్లడం అవసరమా అనీ, వెళితే అక్కడ ఏమి చూడాలనీ మీరు అడిగారు. తప్పకుండా వెళ్లండి. గోడలకు అతికించే రంగుల పలకల (టైల్స్) పనితనం మీద మీకు నిజంగా ఆసక్తి ఉంటే, రెండింటిలో ఒకదానికే సమయం చాలే పరిస్థితి వచ్చినా నేను రుస్తెం పాషా మసీదునే ఎంచుకోమంటాను. మా అమ్మతో కలిసి ఆ ఊరు వెళ్లినప్పుడు నేను రెండూ చూశాను. ఆ అనుభవంతోనే ఈ మాట చెబుతున్నాను.

బ్లూ మాస్క్‌గా పేరుపడ్డ సుల్తాన్ అహ్మద్ మసీదును 1609 నుంచి 1616 వరకు కట్టారు. అందులో ఇరవై వేలకు పైగా ఇజ్నిక్ పలకలు (టర్కీలోని ఇజ్నిక్ ఊరి కుమ్మరులు చేసినవి) ఉన్నాయన్నది నిజమే గాని, వాటిలో మేలైనవి పై అంతస్తు వసారాల గోడల మీద ఉన్నాయి. సందర్శకులు నిలబడేది కింద, చాలా దూరంలో. అక్కడి నుంచి చూస్తే మొత్తం మీద ఒక నీలి ఛాయ తెలుస్తుందే తప్ప పువ్వు గీత, రంగు మందం, పలకకూ పలకకూ మధ్య అతుకు కనిపించవు. రుస్తెం పాషా మసీదులో పలకలు ముఖమండపం గోడ మీద, లోపలి స్తంభాల మీద, గోడల మీద సరిగ్గా మన కంటి ఎత్తు నుంచే మొదలవుతాయి. పైగా అవి 1560ల తొలి సంవత్సరాలవి, అంటే ఇజ్నిక్ కుమ్మరుల పనితనం అత్యున్నత స్థితిలో ఉన్న కాలానివి. బ్లూ మాస్క్ నాటికి ఆ పనితనం క్షీణించడం మొదలైంది.

ఈ మసీదు ఎవరి పేరు మీద ఉందో ఆ రుస్తెం పాషా ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ కుమార్తె మిహ్రిమా సుల్తాన్ భర్త. 1544 నుంచి 1553 వరకు ఒకసారి, 1555 నుంచి 1561లో చనిపోయే వరకు మరోసారి ప్రధాన వజీరుగా పనిచేసి అపారమైన సంపద కూడబెట్టినవాడు. మసీదుకు రూపకల్పన చేసింది ఒట్టోమన్ ఆస్థాన వాస్తుశిల్పి మిమార్ సినాన్. ఆయన సులేమాన్ కోసం కట్టిన మహా మసీదు సులేమానియే అదే కొండ మీద, కొంత ఎగువన ఉంది. ఇక్కడ ఆయనకు దొరికింది రేవుకు దగ్గరలో, చుట్టూ దుకాణాలతో ఇరుకైన బజారు స్థలం. అందుకని కింద కమానులతో దుకాణాలు, గోదాములు కట్టి, వాటి మీద ఎత్తయిన అరుగు వేసి, ఆ అరుగు మీద మసీదును నిలబెట్టారు. కింది దుకాణాల అద్దె మసీదు నిర్వహణకు చెందేలా వక్ఫ్ ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటు తెలిస్తే దారి కూడా సులభంగా దొరుకుతుంది, ఎందుకంటే వీధిలో నడుస్తూ మసీదు గుమ్మం కోసం వెతికితే కనిపించదు.

బ్లూ మాస్క్ ఉన్న సుల్తానహ్మెత్ దగ్గర టీ1 ట్రాం ఎక్కి ఎమినోనూలో దిగండి. సుగంధ ద్రవ్యాల బజారు (మిసిర్ చార్షిసి) పడమటి వైపు గుమ్మం నుంచి బయటికి వస్తే మూలన 1871 నుంచి నడుస్తున్న కురుకహ్వెజి మెహ్మెత్ ఎఫెంది కాఫీ దుకాణం ఉంటుంది. కాఫీ పొడి వాసన దాన్ని ముందే పట్టిస్తుంది. అక్కడి నుంచే మొదలయ్యే హసిర్జిలర్ వీధిలో జనం మధ్య కొద్ది నిమిషాలు నడిస్తే, మసాలాలు, ఎండు పండ్లు, జల్లెడలు, చెక్క గరిటెలు అమ్మే కొట్ల నడుమ చిన్న రాతి కమాను, దాని వెనుక చీకటిగా పైకి వెళ్లే మెట్లు కనిపిస్తాయి. అదే దారి. మెట్లు నిటారుగా, ఇరుకుగా, అరిగిపోయి ఉంటాయి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి గోడ పట్టుకుని ఆగి ఆగి ఎక్కవలసి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఇది దృష్టిలో పెట్టుకోవాలి. కాని పైకి చేరగానే బజారు రొద ఒక్కసారిగా తగ్గి, ఆకాశం కనిపించే చిన్న ముంగిలి, రెండు వరుసల ముఖమండపం ఎదురవుతాయి.

అక్కడికి చేరగానే చాలామంది చెప్పులు విప్పి నేరుగా లోపలికి వెళ్లిపోతారు. మీరు అలా చేయవద్దు. ముఖమండపం గోడే అసలైన పాఠశాల. ప్రధాన ద్వారానికి ఎడమ పక్కన ఉన్న పెద్ద పలకల పట్టీ ముందు ముందుగా నిలబడండి. అందులో బూడిద కలిసినట్టుండే లేత ఆకుపచ్చ, ముదురు వంగపండు ఛాయ కనిపిస్తాయి. ఇవి అంతకు ముందు తరపు ఇజ్నిక్ పనిలో వాడిన రంగులు. ఆ తరువాత లోపలి గోడల మీది నీలం, మయిల్‌తుత్తం ఛాయ, ఎరుపు చూస్తే, ఒక తరం వెనక్కి తగ్గి మరో తరం ముందుకు వస్తున్న సంధికాలంలో ఈ మసీదు అలంకరణ జరిగిందని కంటితోనే అర్థమవుతుంది. 1660 నాటి అగ్నిప్రమాదం, 1766 నాటి భూకంపం ఈ కట్టడాన్ని దెబ్బతీశాయి. బయటి గోడ మీద ఒక నమూనా పక్కన మరో నమూనా అతికినట్టు కనిపించే చోట్లు ఉన్నాయి. వాటిని లోపంగా భావించి దాటిపోకుండా, నమూనా ఎక్కడ తెగిందో, అంచు పట్టీ ఎక్కడ మారిందో గమనించండి. తరువాతి దశాబ్దాల ఇజ్నిక్ పనిలో విరివిగా వచ్చిన మెరిసే పచ్చల రంగు ఈ మసీదులో దాదాపు లేదన్న సంగతి గుర్తుంచుకుంటే, అది కనిపించిన చోట పలక తరువాత చేరినదని ఊహించవచ్చు.

ఇప్పుడు ఎరుపు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మసీదు కీర్తికి మూలం అదే. ఇజ్నిక్ పలక మామూలు బంకమట్టి పలక కాదు. పలుగురాతి పొడి ప్రధానంగా, కొంచెం గాజు పొడి, తెల్లమట్టి కలిపి ఒత్తిన పలక అది. దాని మీద స్వచ్ఛమైన తెల్లటి పూత పూసి, కాగితం మీద గీసిన నమూనాకు సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది, ఆ చుక్కల ఆధారంగా సన్నని నల్ల గీతలు దించి, లోపల రంగులు నింపేవారు. ఆ పైన సీసం కలిసిన గాజుపూత వేసి కాల్చేవారు. నీలం కోబాల్టు నుంచి, మయిల్‌తుత్తం ఛాయ రాగి నుంచి వస్తాయి. ఇవి గాజుపూత కింద చదునుగా పరుచుకుంటాయి. ఎరుపు మాత్రం ఇనుము ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి నుంచి వస్తుంది. పలచగా పూస్తే కొలిమిలో గోధుమ రంగుకు తిరిగిపోతుంది, అందుకని చిక్కగా, మందంగా పెట్టవలసి వచ్చేది. ఫలితంగా, చేతి మీద ఆరిన గోరింటాకు గీతలాగా ఆ ఎరుపు పలక మీద కొద్దిగా ఉబ్బి నిలుస్తుంది. ఎదురుగా నిలబడితే ఇది తెలియదు. గోడకు పక్కగా, చూపు ఏటవాలుగా పడేలా నిలబడండి. తులిప్ రేకుల మధ్య, చిన్న గుండ్రని పువ్వుల నడుమ ఎర్రని చుక్కలు ఉబ్బి, వాటి అంచున వెలుగు చిన్న మెరుపుగా ఆగడం కనిపిస్తుంది. చేతితో తాకవలసిన అవసరం లేదు, తాకకూడదు కూడా. ఇంత నిండైన టమాటా ఎరుపు ఇజ్నిక్ పనిలో కొద్ది దశాబ్దాలే నిలిచింది. 17వ శతాబ్దంలో అది మెల్లగా గోధుమ ఛాయలోకి దిగిపోయింది.

లోపల గుమ్మటం వెడల్పు 15 మీటర్లకు కాస్త పైన. గుమ్మటం ఎనిమిది ఆధారాల మీద నిలుస్తుంది, వాటిలో నాలుగు అష్టకోణాకారపు స్తంభాలు. ఈ స్తంభాలనూ, మిహ్రాబ్‌నూ (నమాజు దిక్కును చూపే గోడ గూడు), అది ఉన్న ఖిబ్లా (మక్కా దిక్కు) గోడనూ, పక్క గోడలనూ పలకలే కప్పుతాయి. మొత్తం మీద ఎనభై వరకు వేర్వేరు నమూనాలు ఉన్నాయని చెబుతారు. వాటన్నిటినీ గుర్తించాలనే ప్రయత్నం పెట్టుకోకండి. ఒక్క గోడను తీసుకుని, అందులో నమూనా ఎన్ని పలకలకు ఒకసారి తిరిగి వస్తుందో పట్టుకోండి. కొన్ని చోట్ల ఒక్క పలకలోనే బొమ్మ పూర్తవుతుంది. కొన్ని చోట్ల నాలుగు పలకల మూలలు కలిసిన దగ్గర ఒక పువ్వు పూర్తవుతుంది. రంపపు పళ్లలాంటి అంచులున్న పొడవాటి ఆకులు ఒక పలక నుంచి పక్క పలకలోకి వంగి సాగుతాయి. ఏళ్ల తరబడి ముగ్గులు వేసిన మా అమ్మ ఈ లెక్కను నాకంటే ముందే పట్టుకుంది. ఒక స్తంభం ముందు నిలబడి, పలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గాలిలో వేలితో గీసి చూపించింది. ఆమె చూపిన తరువాతే నాకు గోడ మీద పూలతోట వెనుక ఉన్న చతురస్రాలు కనిపించడం మొదలైంది.

ఈ మసీదులో పలకలు అవసరానికి మించి ఉన్నాయనీ, సినాన్ నిర్మాణ స్పష్టతను అవి కప్పేశాయనీ వాస్తుశిల్పం తెలిసినవారిలో ఒక అభిప్రాయం ఉంది. సులేమానియేలో సినాన్ పలకలను ఖిబ్లా గోడకే పరిమితం చేసిన తీరు చూస్తే ఆ అభిప్రాయంలో కొంత న్యాయం ఉందనే అనిపిస్తుంది. అయినా నేను దానితో ఏకీభవించను. ఇంత చిన్న గదిలో, గుమ్మటం ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, పలకలే స్థలాన్ని విశాలం చేస్తున్నాయని నాకు అనిపించింది. మీరు వెళ్లి మీ కళ్లతో తేల్చుకోవలసిన విషయమిది.

మీరు హైదరాబాదు వారమని రాశారు కాబట్టి ఒక సూచన. ప్రయాణానికి ముందు వీలైతే పత్థర్‌గట్టి దగ్గరి బాద్షాహీ అషూర్‌ఖానాకు ఒకసారి వెళ్లి రండి. అది మసీదు కాదు, మొహర్రం నాడు ఆలంలు (పీర్లు) నిలిపే చోటు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించినది. అక్కడి గోడల మీది రంగుల పని ఇరానీ పద్ధతిది. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, కావలసిన ఆకారానికి ముక్కలుగా కోసి, ఆ ముక్కలను పక్కపక్కన పేర్చి బొమ్మ కడతారు. ఇజ్నిక్ పద్ధతిలో ఒకే పలక మీద అన్ని రంగులూ కుంచెతో గీసి ఒక్కసారే కాలుస్తారు. అందుకే అషూర్‌ఖానా గోడ మీద రంగుకూ రంగుకూ మధ్య అతుకు గీత ఉంటుంది, రుస్తెం పాషాలో కుంచె గీత ఉంటుంది. 1908 మూసీ వరద అషూర్‌ఖానా కింది భాగపు పలకలను దెబ్బతీసింది. మిగిలిన అసలు పనిని చూసి వెళితే ఇస్తాంబుల్‌లో మీ కన్ను ఇంకా నిశితంగా పనిచేస్తుంది.

ఇక పాటించవలసినవి. ప్రవేశ రుసుము లేదు. ఇది నిత్యం నమాజు జరిగే మసీదు కాబట్టి నమాజు వేళల్లో సందర్శకులు లోపలికి వెళ్లకూడదు. ఆ వేళలు రోజూ కొద్దిగా మారుతుంటాయి, కనుక ఆనాటివి ముందే చూసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం అసలు పెట్టుకోవద్దు. మేము ఉండగానే జొహర్ (మధ్యాహ్న నమాజు) అజాన్ వినబడింది. కింది కొట్లలో పనిచేసేవారు ఒక్కొక్కరుగా మెట్లెక్కి వచ్చారు. మేము ముంగిలిలోకి తప్పుకుని, నమాజు పూర్తయ్యే వరకు బయటి గోడను మరోసారి చూస్తూ గడిపాము. స్త్రీలు తల కప్పుకోవాలి, భుజాలు, మోకాళ్లు కనిపించని దుస్తులు అందరికీ అవసరం. ఫొటోలకు ఫ్లాష్ వాడకండి. ఫ్లాష్ పడితే గాజుపూత మెరిసి ఫొటోలో రంగు సరిగా కనిపించదు, ప్రార్థనకు వచ్చినవారికీ ఇబ్బంది. ఇస్తాంబుల్ నుంచి ఖిబ్లా ఆగ్నేయ దిశగా ఉంటుంది కాబట్టి పొద్దుటిపూట మిహ్రాబ్ వైపు కిటికీల వెలుగు నేరుగా కళ్లలో పడుతుంది. ఆ వేళలో పక్క గోడలనూ, స్తంభాలనూ ముందు చూసి, ఖిబ్లా గోడను చివరికి ఉంచుకోవడం మంచిది.

ఇంకా ఓపికా సమయమూ మిగిలితే అక్కడి నుంచి ఎగువకు నడిచి సులేమానియేకు వెళ్లండి. ఎక్కుడు దారి, పెద్దవాళ్లు ఉంటే టాక్సీ మేలు. 1557లో పూర్తయిన ఆ మసీదు ఖిబ్లా గోడ మీదే ఈ ఎరుపు తొలిసారిగా కట్టడపు పలకల మీదికి ఎక్కింది. కొండ ఎక్కలేకపోతే, మీరు బస చేసేది సుల్తానహ్మెత్ దగ్గరే అన్నారు కాబట్టి, మరునాడు కదిర్గా వైపు కొద్ది దూరం దిగి సొకొల్లు మెహ్మెద్ పాషా మసీదు చూడండి. అది కూడా సినాన్ కట్టినదే, రుస్తెం పాషా తరువాత పదేళ్లలోపు పూర్తయినది, చిన్నదే. అక్కడ పలకలను ఎక్కువగా మిహ్రాబ్ చుట్టూ ఒకే గోడ మీద నిలువునా పేర్చి, మిగతా గోడలను రాయిగానే వదిలారు.